దిగులు జబ్బుకు మూడు వలయముల మందు

అనంతపురము పీఠభూమిపై ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికే తన తేమలో ఎక్కువ భాగమును అచ్చటనే విడిచివేయును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంత లోపలికి వచ్చుసరికి బలహీనపడును. రెండు వానలకును ఎడమైన ఈ సీమలో ఎర్రనేలలు పలుచన, బావులు లోతు. ప్రధానమైన పంట వానపై ఆధారపడిన వేరుశనగ. ఊడలు దిగు అదనున మూడు వారములు వాన మొగము చాటు చేసినచో పంట పోవును; విత్తనమునకును, ఎరువునకును, బోరుబావికిని తెచ్చిన అప్పు మాత్రము మిగులును. 2022లో జిల్లా విడిపోయి కొంత భాగము శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడినది గాని, వాన లెక్క మారలేదు.

ఇట్టి సీమలో మనుష్యులు దిగులుపడుట వింత కాదు. పంట పోయినవాడు దుఃఖించును; నలుగురితో చెప్పుకొని, బంధువుల అండతో మరల తేరుకొనును. ఇది రోగము కాదు. కాని కొందరిలో ఆ దుఃఖము వారముల తరబడి నిలిచి, నిద్రను, ఆకలిని, పని చేయు శక్తిని హరించును. వాన కురిసినను, అప్పు తీరినను అది వదలదు. మరికొందరికి ఏ కష్టమును లేకుండగనే ఈ స్థితి కలుగును. దీనిని వైద్యులు కుంగుబాటు అందురు. పల్లెలలో దీనికి దిగులు జబ్బు, మనోవ్యాధి అను పేర్లు కలవు.

ఈ జబ్బుకు వాడు మందులలో ఒక జాతికి ‘ట్రైసైక్లిక్’ మందులని పేరు. ట్రైసైక్లిక్ అనగా మూడు వలయములు గలది. ఇమిప్రమీన్, అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్, క్లోమిప్రమీన్, డోథియెపిన్ అనునవి ఈ జాతిలోనివి. ఇవి చవుకైనవి, చిరకాలముగా పరీక్షకు నిలిచినవి. అయినను అజాగ్రత్తగా వాడినచో ప్రాణాపాయము కలిగించునవి. కరువుతోపాటు ఎండయు ఎక్కువైన ప్రాంతములలో వీనిని వాడువారికి మరికొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలు అవసరము. మందు శరీరములో ఏమి చేయునో తెలిసినచో ఆ జాగ్రత్తలు ఎందుకో సులభముగా బోధపడును.

జబ్బును గుర్తించుట

మనస్సు ఎల్లప్పుడును కుంగియుండుట గాని, ఇంతకుముందు ఇష్టమైన పనులపై ఆసక్తి నశించుట గాని రెండు వారములు, లేక అంతకు మించి, దాదాపు ప్రతిదినమును ఉండుట ఈ జబ్బుకు ముఖ్య లక్షణము. దీనితోపాటు తెల్లవారుజామున మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకపోవుట, ఆకలి మందగించుట, అలసట, ఏకాగ్రత తగ్గుట, తాను పనికిరానివాడనను భావము, చావును గూర్చిన తలంపులు కనిపించును.

పల్లె రోగి చాలమారు “మనసు బాగుండలేదు” అని చెప్పడు. తలపోటు, ఒళ్ళునొప్పులు, గుండెదడ, కడుపులో మంట, నీరసము అని చెప్పును. బలమునకు సూదులును, గ్లూకోజు సీసాలును ఎక్కించుకొని డబ్బు పోగొట్టుకొనును. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపము వంటి జబ్బులలోను ఇట్టి లక్షణములు కలుగును గనుక ముందు పరీక్ష అవసరము. అందుచేత జబ్బును నిర్ణయించుట వైద్యుని పని. అనుమానించి వైద్యునివద్దకు పంపుట ఇంటివారి పని, ఉపాధ్యాయుని పని.

మందు దొరికిన విధము

1952లో క్లోర్‌ప్రోమజీన్ అను మందు తీవ్రమైన మానసిక వ్యాధులలో గుణమిచ్చునని తెలిసినది. స్విట్జర్లండులోని గైగీ కంపెనీ దానిని పోలిన మరియొక పదార్థమును తయారుచేసి, జి 22355 అను సంఖ్యతో మున్‌స్టర్‌లింగెన్ మానసిక వైద్యశాలకు పంపినది. దాని మూలపదార్థము క్రొత్తది కాదు; 19వ శతాబ్ది చివరనే రసాయనశాలలో తయారై, ఉపయోగము లేక పడియుండినది. అచ్చటి వైద్యుడు రోలాండ్ కూన్ ముందుగా దానిని స్కిజోఫ్రీనియా రోగులకు ఇచ్చి చూచెను. ఆశించిన గుణము కనబడలేదు. కొందరికి అలజడి పెరిగినది. తరువాత 1956లో కుంగుబాటు రోగులకు ఇచ్చి చూడగా కొలది వారములలో వారి ముఖములు తేటపడినవి. నిద్రయు, మాటయు, పనియందు ఆసక్తియు తిరిగి వచ్చినవి. 1957 సెప్టెంబరులో జ్యూరిచ్ నగరమున జరిగిన ప్రపంచ మానసిక వైద్య మహాసభలో కూన్ ఈ సంగతి వినిపించినప్పుడు శ్రోతలు పట్టుమని పదిమందియో, పండ్రెండుమందియో ఉండిరట. ఆ పదార్థమే ఇమిప్రమీన్. 1961లో అమెరికాలో అమిట్రిప్టిలిన్ అమ్మకమునకు వచ్చినది.

రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు వీని నిర్మాణమును సులభముగా ఊహింపగలరు. రెండు అంచులయందును ఆరేసి కర్బన పరమాణువుల బెంజీన్ వలయములు, వాని నడుమ ఏడు పరమాణువుల వలయము ఒకటి. నడిమి వలయమునుండి తోకవలె వ్రేలాడు చిన్న గొలుసు, దాని కొసను నత్రజని. క్లోర్‌ప్రోమజీన్‌లో నడిమి వలయమునందు ఉన్నవి ఆరు పరమాణువులే, అందొకటి గంధకము. నడిమి వలయములోని ఈ స్వల్పభేదముచేత అణువు వంపు మారినది. వంపు మారుటచేత గుణమును మారినది.

నాడీకణముల నడుమ

మెదడులోని నాడీకణములు ఒకదానినొకటి అంటియుండవు. వాని నడుమ మిల్లీమీటరులో సుమారు 50 వేలవ వంతు సందు ఉండును. ఒక కణము వార్త పంపవలెనన్నచో ఆ సందులోనికి సెరోటోనిన్, నారెడ్రినలిన్ వంటి రసాయనమును విడుచును. అవతలి కణము దానిని గ్రహించును. పని ముగియగానే మొదటి కణము ఆ రసాయనమును తిరిగి లోనికి పీల్చుకొనును. మూడు వలయముల మందులు ఈ తిరిగి పీల్చుకొను ద్వారమును మూసివేయును. చేనికి పారిన నీటిని వెనుకకు తోడు ఏతము నిలిచినచో చేను మరికొంతసేపు తడిసినట్లు, ఆ రసాయనము సందులో మరికొంతసేపు నిలిచి పని చేయును. 1960 ప్రాంతమున జూలియస్ ఆక్సెల్‌రాడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నారెడ్రినలిన్ విషయమున ఈ క్రియను కనుగొనెను. నాడీరసాయనములపై చేసిన కృషికి ఆయనకు 1970లో నోబెల్ బహుమానము లభించినది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ద్వారము మూతపడుట కొద్ది గంటలలోనే జరుగును గాని, దిగులు తగ్గుటకు 2 మొదలు 4 వారములు పట్టును. కావున ఏదో ఒక రసాయనము తక్కువైనందువలననే కుంగుబాటు వచ్చునను తేలిక మాట నేడు నిలువదు. సందులో రసాయనము నిలకడగా హెచ్చినప్పుడు నాడీకణములు తమ గ్రాహకములను, పరస్పర సంబంధములను మెల్లమెల్లగా సవరించుకొనుననియు, గుణము కనబడుటకు ఆ సవరింపు కారణమనియు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

రోగి దీనినిబట్టి గ్రహింపవలసినది ముఖ్యమైనది. ఇబ్బందులు మొదటి వారముననే వచ్చును. మేలు ఆ తరువాత వచ్చును. ఈ సంగతి చెప్పనందువలననే పెక్కుమంది వారము తిరుగకమునుపే “ఈ మాత్ర పడలేదు” అని మానివేయుదురు.

ఉపయోగములు

కుంగుబాటు వీని మొదటి ఉపయోగము. సాధారణముగా వైద్యుడు రాత్రిపూట 25 మిల్లీగ్రాములతో ఆరంభించి, రోగి తట్టుకొనుటను గమనించుచు క్రమముగా మోతాదు పెంచును. వృద్ధులకు ఇంకను తక్కువతో ఆరంభించును. 1987 తరువాత ఫ్లూఆక్సెటిన్ వంటి క్రొత్త మందులు వ్యాప్తిలోనికి వచ్చినవి. వానివలన ఇబ్బందులును, అపాయమును తక్కువ గనుక నేడు వైద్యులు చాలమందికి ముందుగా వానినే వ్రాయుదురు. అవి పనిచేయనప్పుడును, నిద్రలేమియు, నొప్పులును ఎక్కువగా ఉన్నప్పుడును మూడు వలయముల మందుల అవసరము కలుగును.

చక్కెర జబ్బువలన పాదములలో కలుగు మంటలు, తిమ్మిరులు మొదలగు నాడీసంబంధమైన నొప్పులకు అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో మేలు చేయును. పార్శ్వపు నొప్పి మాటిమాటికి రాకుండుటకును దీనిని వాడుదురు. క్లోమిప్రమీన్ వదలని అనుమానములతో పదేపదే చేతులు కడుగుకొనుట, తాళము చూచుకొనుట వంటి జబ్బులో ఉపయోగపడును. ఆరేండ్లు దాటిన పిల్లలు ప్రక్క తడుపు సందర్భములలో, ఇతరోపాయములు ఫలింపనప్పుడు, కొంతకాలము ఇమిప్రమీన్ ఇచ్చుట కలదు. కనుక ఒకరి చీటీపై ఈ మందు పేరు చూచినంతనే అతనికి మానసిక వ్యాధి కలదని తలంపరాదు.

ఉమ్మెత్తతో పోలిక

ఈ మందులు ఒక్క ద్వారముతో తృప్తిపడవు. ఎసిటైల్ కోలిన్ అను మరియొక నాడీరసాయనము పనికిని ఇవి అడ్డు తగులును. గట్లపై పెరుగు ఉమ్మెత్త విషము చేయు పనియు ఇదియే. ఉమ్మెత్త తిన్నవానికి నోరెండిపోవుట, కంటిపాప విప్పారుట, చూపు మసకబారుట, ఒళ్ళు పొడిగా కాలుట, మతిభ్రమించుట పల్లెవారు ఎరిగినవే. మూడు వలయముల మందును సరియైన మోతాదులో వాడినప్పుడు ఈ లక్షణములే బహు స్వల్పముగా కనబడును: నోరు ఎండుట, మలబద్ధకము, దగ్గరి అక్షరములు మసకగా కనబడుట, మూత్రము తేలికగా రాకపోవుట. కావున ఉమ్మెత్త కలిసిన నాటుమందులను వీనితోపాటు వాడుట మిక్కిలి ప్రమాదము.

హిస్టమిన్ అను పదార్థమునకు అడ్డుపడుటచేత మగత, ఆకలి, బరువు హెచ్చును. రక్తనాళములను బిగించు గ్రాహకములను మూయుటచేత, కూర్చుండి లేచినప్పుడు రక్తపుపోటు పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. గుండె కండరములో సోడియము అయానుల మార్గములను అడ్డగించుటచేత గుండెలోని విద్యుత్ప్రవాహము మందగించును. మొదటివి ఇబ్బందులు మాత్రమే. గుండె విషయము మాత్రము అపాయకరము. మోతాదు మించినప్పుడు మరణమునకు దారితీయునది ముఖ్యముగా ఇదియే.

ఎండ, చెమట, మాత్ర

అనంతపురములో ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట సాధారణము. బయటి గాలి శరీరముకంటె వేడిగా ఉన్నప్పుడు శరీరము చల్లబడుటకు చెమట ఒక్కటే మార్గము. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 580 కెలొరీల, అనగా దాదాపు 2,400 జౌళుల వేడిని చర్మమునుండి గ్రహించును. స్వేదగ్రంథులకు చెమట విడువుమను ఆజ్ఞ ఎసిటైల్ కోలిన్ ద్వారా చేరును. ఆ ఆజ్ఞకే ఈ మందు అడ్డుపడును. చెమట తగ్గినచో లోపలి వేడి బయటికి పోదు. వడదెబ్బ ప్రమాదము హెచ్చును. నీరు చాలక రక్తపరిమాణము తగ్గినవారిలో, లేచినప్పుడు రక్తపుపోటు మరింత పడిపోవును.

కావున ఈ మాత్రలు వాడు రైతులును, కూలీలును వేసవిలో ఎండపని ఉదయమునకు, సాయంకాలమునకు మార్చుకొనవలెను. దాహము వేయకున్నను నడుమ నడుమ నీరు గాని, మజ్జిగ గాని త్రాగుచుండవలెను. కూర్చుండి లేచునప్పుడు మెల్లగా లేవవలెను. మగత తెలియువరకు వాహనములు, నూర్పిడి యంత్రములు నడుపరాదు. బావిగట్టున, చెట్లపైన పని చేయరాదు. రాగిసంకటి, ఆకుకూరలు మలబద్ధకమును తగ్గించును. నోరు ఎండినప్పుడు చక్కెర బిళ్ళలు చప్పరించుట మంచిది కాదు. లాలాజలము తక్కువైన నోటిలో పండ్లు త్వరగా పుచ్చును. ఎండలో పనిచేయువాడు ఒళ్ళు కాలుచు తడబడినచో నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లబరచి, వెంటనే 108 వాహనమును పిలువవలెను.

ముందుగా వైద్యునికి చెప్పవలసినవి

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పినవారు ఈ మందులు వాడరాదు. నీటికాసులు, ప్రోస్టేటు గ్రంథి వాపు, మూర్ఛ, కాలేయవ్యాధి ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను. ఒకప్పుడు అతిగా ఉత్సాహపడి, నిద్రలేక, డబ్బు వెదజల్లిన చరిత్ర ఉన్నవారికి ఈ మందువలన ఆ ఉద్రేకము తిరుగబెట్టవచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు తమంతట తాము వాడరాదు, మానరాదు. రెండును వైద్యుడు తేల్చవలసినవి. కల్లు, సారాయి, నిద్రమాత్రలు, మగత కలిగించు జలుబు మందులు దీని మగతను పెంచును. మోనోఅమీన్ ఆక్సిడేజ్ నిరోధకములను జాతి మందులతో దీనిని కలుపరాదు. ఒకటి మాని మరియొకటి ఆరంభించుటకు నడుమ రెండు వారముల ఎడము ఉండవలెను. ట్రమడాల్ వంటి నొప్పిమందులు, ఫ్లూఆక్సెటిన్ వాడుచున్నచో అదియు చెప్పవలెను.

పొరుగువారి మాత్రను అరువు తెచ్చుకొనుట తగదు. కాలేయము ఈ మందును విరుగగొట్టు వేగము వంశపారంపర్యముగా మనిషికి మనిషికి మారును. ఒకే మోతాదు పుచ్చుకొన్న ఇద్దరి రక్తములో మందు పరిమాణము అనేక రెట్లు భేదింపవచ్చును. ఒకరికి సరిపోయినది మరియొకరికి విషము కావచ్చును.

గుణము కనబడినంతనే మానరాదు. తేరుకొన్న తరువాతను 6 మొదలు 9 నెలలు, కొందరికి అంతకు మించియు, కొనసాగింపవలెను. మానునప్పుడు వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గింపవలెను. ఒక్కసారి మానినచో ఓకరింపు, తలనొప్పి, నిద్రలేమి, అలజడి కలుగును. ఈ మందులకు సారాయివలె వ్యసనము కలిగించు గుణము లేదు.

ఇంటిలో మాత్రలు

మేలు చేయు మోతాదునకును, అపాయము చేయు మోతాదునకును నడుమ ఎడము ఈ మందులలో తక్కువ. చిన్నబిడ్డలకు కొలది మాత్రలైనను ప్రాణాంతకములు. రంగురంగుల పూత వారిని ఆకర్షించును. అందుచేత మాత్రలను తాళముగల పెట్టెలో, బాధ్యతగల పెద్దవారి చేతిక్రింద ఉంచవలెను. పురుగుమందులను గూడ అట్లే ఇంటికి దూరముగా తాళము వేసి ఉంచుట కరువుసీమలో అనేక ప్రాణములను కాపాడగలదు.

చావు తలంపులు ఉన్న రోగికి వైద్యులు వారమునకో, పదిదినములకో సరిపడు మాత్రలను మాత్రమే ఇచ్చుదురు. ఇది రోగిని అవమానించుట కాదు, రక్షించుట. చికిత్స మొదటి వారములలో, ముఖ్యముగా 25 ఏండ్ల లోపువారిలో, ఇట్టి తలంపులు కొందరికి హెచ్చవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోను, 2007లోను హెచ్చరించినది. ఆ దినములలో రోగిని ఒంటరిగా వదలరాదు.

మాత్రలు ఎక్కువ మింగినట్లు అనుమానము కలిగినచో, మనిషి బాగుగనే కనబడుచున్నను వేచియుండరాదు. కొద్ది గంటలలోనే మూర్ఛలును, గుండె లయ తప్పుటయు సంభవింపవచ్చును. వాంతి చేయింపక, మందు పెట్టెతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట గుండె విద్యుద్రేఖను తీసి, అవసరమైనచో సోడియం బైకార్బొనేట్ ద్రావణమును రక్తనాళములోనికి ఎక్కింతురు. ఈ పదార్థము వంటసోడాయే అయినను, ఇంటిలో త్రాగించినందువలన ప్రయోజనము లేదు.

పల్లెకు చేరిన చికిత్స

అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండి విడివడి ఏర్పడినది. ఒకే తీరు మెట్టభూములు, తెలుగు మాటలాడు పల్లెలు గల ఆ బళ్ళారిలోనే మానసిక చికిత్సను గ్రామములకు తీసికొనిపోవు గొప్ప ప్రయోగము జరిగినది. భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించిన పిమ్మట, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985 మొదలు 1990 వరకు బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ ఇచ్చి, కొలది రకముల చవుక మందులతోనే సామాన్యమైన మానసిక వ్యాధులకు సమీపముననే చికిత్స చేయవచ్చునని నిరూపించినది. ఆ నమూనాపైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున నాలుగు జిల్లాలలో మొదలైనది. వానిలో ఒకటి మెదకు. అమిట్రిప్టిలిన్ 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మొదటి అత్యవసర ఔషధముల జాబితాలోనే చేరినది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ సహాయముతో చికిత్స పొందుట ప్రతి పౌరుని హక్కని చెప్పినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, శిక్షింపక, ఆదుకొనవలెనని కూడ నిర్దేశించినది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

ఈ విషయమున ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు చేయగలిగినది చాల కలదు. చురుకైన విద్యార్థి కొన్ని వారములుగా మందకొడియై, స్నేహితులకు దూరమై, బడికి రాకున్నచో ఏకాంతమున పిలిచి విచారింపవలెను. చావు తలంపులు కలుగుచున్నవా అని మెత్తగా అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. పెక్కుసార్లు భారము తగ్గును. తండ్రి మాత్రలు పుచ్చుకొనుచున్నాడని సిగ్గుపడు పిల్లవానికి, చక్కెర జబ్బు మాత్ర ఎట్టిదో ఇదియు అట్టిదే అని చెప్పవలెను.

మూడు వలయముల మందు వానను కురిపింపలేదు, అప్పును తీర్పలేదు. వానికి నీరు, ధర, బీమా, సహాయము వేరుగా కావలెను. అయితే కుంగిన మనస్సుతో మనిషి ఆ సహాయమును అందుకొనుటకు చేయి కూడ చాపలేడు. వైద్యుని పర్యవేక్షణలో, తగిన మోతాదులో, తగినంతకాలము వాడిన మందు ఆ చేయి చాపు శక్తిని తిరిగి ఇయ్యగలదు. మాత్రను వైద్యుడు వ్రాయును. దానిని తాళము వేసి దాచుటయు, వేళకు అందించుటయు, మొదటి వారములలో రోగి ప్రక్కన ఉండుటయు ఇంటివారి వంతు.